కొత్త బ్యాటరీ వేసినా పాత కారు మొరాయిస్తోంది, ఆల్టర్నేటర్ మార్చేయాలా?

వోల్ట్‌మీటర్ పెట్టి చూడనిదే మార్చకండి. కొత్త బ్యాటరీ వేశాక కూడా పొద్దున్నే స్టార్టర్ మూలుగుతోందంటే, హైదరాబాద్‌లో ఏ షెడ్డుకెళ్లినా ఒకటే మాట: "డైనమో పోయింది సార్". డైనమో అంటే వాళ్ల భాషలో ఆల్టర్నేటరే, ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేది. కారు పాతదైతే ఆ తీర్పు బానెట్ ఎత్తకముందే వచ్చేస్తుంది.

మాది పాత మారుతి జెన్ కారు. ఓ వానాకాలం సాయంత్రం మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి, ట్రాఫిక్ అంగుళం కదలట్లేదు. హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్ అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. వైపర్లు నీరసంగా ఊగడం మొదలెట్టాయి, లైట్లు పచ్చబడ్డాయి, కాసేపటికి ఇంజనే ఆగిపోయింది. తాళం తిప్పితే టక్ మని ఒక్క చప్పుడు, అంతే. వెనక హారన్ల మోత సరేసరి. అప్పటికే బ్యాటరీ కొత్తది. ఆల్టర్నేటర్ కూడా పుత్లీబౌలిలో విప్పించి కార్బన్ బ్రష్‌లు మార్పించి ఉన్నాను. పైగా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు.

మర్నాడు ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, ఇంజన్ స్టార్ట్ చేయించి, హెడ్‌లైట్లు వేయించి మీటర్ తీశాడు. ఆల్టర్నేటర్ దగ్గరే కొలిస్తే 14.2 వోల్టులు. బ్యాటరీ టెర్మినళ్ల మీద 12.7. మరి ఆ ఒకటిన్నర వోల్టులు ఎటు పోయాయి? ఆల్టర్నేటర్ స్టడ్ (కరెంటు బయటికొచ్చే బోల్టు) నుంచి బ్యాటరీ ప్లస్‌కి పెడితే 0.1, అక్కడ లోపం లేదు. ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి పెడితే 1.4! "డైనమో మంచిగనే ఉంది సార్, ఎర్తే లేదు" అన్నాడు. బ్యాటరీ మైనస్ నుంచి వచ్చి గేర్‌బాక్స్‌కి బిగించిన ఎర్త్ కేబుల్ విప్పి చూపించాడు. పైకి నల్లగా నిగనిగలాడుతోంది, తొడుగు చీలిస్తే లోపల రాగి తీగలు ఆకుపచ్చగా పొడి రాలుతున్నాయి. కొత్త కేబుల్ వేసి, బోల్టు కూర్చునే చోట ఎమ్రీ పేపర్‌తో రుద్దాడు. బ్యాటరీ దగ్గర రీడింగ్ 14 దాటింది.

ఆల్టర్నేటర్‌లో కరెంటు పుడుతోందా లేదా అన్నదే ఆ ఎర్ర లైటుకి తెలుస్తుంది. ఎర్త్ దారిలో ఎంత పోతోందో దానికి పట్టదు. అందుకే దాన్ని నమ్ముకోకండి.

ఇంకో జబ్బుంది మన మెకానిక్‌లకి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "చూడండి, ఆగిపోలేదు, డైనమో ఓకే" అనడం. ఆ క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు పోవచ్చు, ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే) బండైతే ఆ కంప్యూటర్‌కే, అంటే ఈసీయూకే ఎసరు. ఎవరైనా స్పానర్ పట్టుకుని అటు వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టండి. 

మీ బండికి ముందు బెల్టు బిగువు చూడండి, తర్వాత లైట్లేసి పైన చెప్పిన నాలుగు చోట్లా కొలవండి. ప్లస్ వైపు గానీ మైనస్ వైపు గానీ పావు వోల్టు దాటి పోతుంటే లోపం కేబుల్లోనో, బిగింపులోనో ఉంది. ఆల్టర్నేటర్ దగ్గరే 13 కూడా రాకపోతే అప్పుడు విప్పించండి. విప్పినా పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి, చాలాసార్లు బ్రష్‌లు గానీ రెగ్యులేటర్ (వోల్టేజ్‌ని అదుపులో ఉంచే భాగం) గానీ మారిస్తే సరిపోతుంది.