సద్దుల బతుకమ్మ సందేహాలు

కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో అందరూ కలిసి సద్దుల బతుకమ్మ చేసుకునే మహిళా బృందాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో పదిమందికి పనికొచ్చేవి ఇవి.

ప్రశ్న: రెండడుగుల బతుకమ్మ పేరుస్తాం. మూడో అంతస్తు నుంచి కిందికి తెచ్చేసరికి ఒక పక్కకు ఒరిగిపోతోంది. ఎక్కడ పొరపాటు? (నిజామాబాద్)

జవాబు: పొరపాటు చాలాసార్లు బతుకమ్మ కడుపులోనే ఉంటుంది. చుట్టూ వరుసలు పేర్చుకుంటూ పోయి, నడుమ గుంతను చివర్లో ఒకేసారి నింపుతారు. అప్పటికే పూలు లోపలికి కుంగి ఉంటాయి. ఒక వరుస కాగానే ఆ ఎత్తు వరకు నడుమ నింపి, అరచేత్తో అదిమి, ఆ తర్వాతే రెండో వరుస మొదలుపెట్టాలి. నింపడానికి తంగేడు ఆకు, గునుగు ఆకు, కత్తిరించగా మిగిలిన కాడలు సన్నగా తరిగి వాడండి. న్యూస్‌పేపర్ ఉండలు కుక్కేవాళ్లున్నారు. పూల తడికి కాగితం మెత్తబడి కూర్చుంటుంది, దాంతోపాటే బతుకమ్మా కూర్చుంటుంది.

రెండడుగుల ఎత్తుకు 18 అంగుళాల సిబ్బి (బతుకమ్మ పేర్చే పళ్లెం) కావాలి. చిన్న తాంబాళంలో ఎత్తు లేపితే మెట్ల మీద నిలవదు. అడుగున గుమ్మడి ఆకులు పరిచి, పూల కాడలు నాలుగు అంగుళాలు ఉంచి లోపలి వైపుకు పెట్టండి. ఒక్కో వరుసను కింది వరుస కంటే అర వేలు లోపలికి జరపాలి. ముద్దబంతి బరువు, దాన్ని సగం ఎత్తు దాటనివ్వకండి. పైన తేలికైన గునుగు, తంగేడు. చామంతికి కాడ పొట్టిగా ఉంటే చీపురు పుల్ల గుచ్చి పొడిగించండి. అంతా అయ్యాక నూలు దారాన్ని సిబ్బి అడుగు నుంచి పైదాకా నాలుగు వైపులా బిగిస్తే కదలదు. పసుపు గౌరమ్మను, గుమ్మడి పువ్వును కిందికి తెచ్చాకే పెట్టుకోండి. గుమ్మడి పువ్వు పొద్దున విచ్చి మధ్యాహ్నానికే ముడుచుకుంటుంది. అందుకే అప్పటిదాకా కాడ నీళ్లలో ఉండాలి.

ప్రశ్న: గునుగు పూల రంగు పట్టుచీరలకు అంటుకుంటోంది. (సిద్దిపేట)

జవాబు: ఆరకముందే పేరుస్తున్నారు. గునుగును చిన్న కట్టలుగా కట్టి, కొసలు మాత్రమే రంగునీళ్లలో ముంచి, వెంటనే తీసి గట్టిగా విదిలించండి. తలకిందులుగా నీడలో నాలుగైదు గంటలు వేలాడదీయండి. ముందురోజు రాత్రే చేసిపెట్టుకుంటే ఇంకా మంచిది, గునుగు ఎండినా రూపు మారదు. తంగేడుకు ఆ సుఖం లేదు, రేకలు రాలిపోతాయి. దాన్ని అదే రోజు పొద్దున తెచ్చి తడిగుడ్డలో చుట్టి ఉంచాలి.

ప్రశ్న: 120 మందికి ఐదు రకాల సద్దులు మేమే వండుకోవాలనుకుంటున్నాం. కొలతలు చెప్పండి. (హైదరాబాద్)

జవాబు: పిల్లలు కూడా ఉంటారు కాబట్టి మొత్తం 10 కిలోల బియ్యం సరిపోతాయి. ఐదింటికీ సమానంగా పంచితే పులిహోర ముందే అయిపోతుంది, నువ్వులన్నం గిన్నెలో మిగిలిపోతుంది. పులిహోరకు మూడున్నర కిలోలు, పెరుగన్నానికి రెండున్నర, నిమ్మకాయకు రెండు, కొబ్బరికి ఒకటి, నువ్వులకు ఒకటి పెట్టుకోండి.

పులిహోరలో కిలో బియ్యానికి 100 నుంచి 120 గ్రాముల చింతపండు, 150 మిల్లీలీటర్ల నూనె, 150 గ్రాముల పల్లీలు. పులుసు నూనె తేలేదాకా ఉడకాలి, లేకపోతే పచ్చి వాసన వస్తుంది, త్వరగా పాడవుతుంది. నిమ్మకాయ అన్నానికి కిలోకు ఏడెనిమిది కాయలు. పొయ్యి ఆపి, పోపు కాస్త చల్లారాకే రసం పిండాలి, వేడి మూకుట్లో పిండితే చేదెక్కుతుంది. నువ్వులు కిలోకు 150 గ్రాములు. చిటపటలాడటం మొదలవగానే దించేయండి, మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే నూనె వదిలి పొడి కాస్తా ముద్దవుతుంది.

ఎక్కువ ఫిర్యాదులు పెరుగన్నం మీదే: సాయంత్రానికి పులిసిపోయిందని. రెండున్నర కిలోల బియ్యానికి కాచి చల్లార్చిన పాలు నాలుగు లీటర్లు, పెరుగు లీటరున్నర చాలు. అన్నం మెత్తగా ఉడికించి, వేడి మీదే మెదిపి, పూర్తిగా చల్లారాక పాలు, పెరుగు కలపాలి. పోపు వడ్డించే ముందు.

ఒక హెచ్చరిక. వేడి అన్నాన్ని పెద్ద డబ్బాలో మూతపెట్టి గంటల తరబడి ఉంచకండి. నడుమ ఉన్న అన్నం చల్లారదు, బ్యాక్టీరియా పెరిగి వాంతులు పట్టుకుంటాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. శుభ్రమైన బట్ట మీద పలచగా ఆరబెట్టి కలపండి. పచ్చికొబ్బరి అన్నమే అన్నిటికంటే ముందు పాడవుతుంది, దాన్ని ఆఖరున చేయండి.

మలీదకు కిలో గోధుమపిండి రొట్టెలకు 600 గ్రాముల బెల్లం, 150 గ్రాముల నెయ్యి. రొట్టె వేడిగా ఉండగానే తుంచి బెల్లంతో నలపాలి. చల్లారిన రొట్టెకు బెల్లం పట్టదు.

ప్రశ్న: చప్పట్లు పాటతో కలవడం లేదు. స్పీకర్లు పెద్దవే పెట్టాం. (వరంగల్)

జవాబు: పెద్దవి కావడం కాదు, దూరంగా ఉండటం చిక్కు. మైదానం మూలల్లో పెడితే అటువైపున్నవాళ్లకు పాట ఆలస్యంగా వినిపిస్తుంది: 34 మీటర్ల దూరానికి సెకనులో పదో వంతు. చిన్న స్పీకర్‌ను బతుకమ్మల పక్కనే, వలయం నడుమ పెట్టండి. 40 మంది దాటితే రెండు వలయాలు చేసి, లోపలి వలయంలో పాట ఎత్తుకునేవాళ్లను ఉంచండి. డీజే పాటకు అడుగులేస్తే ‘ఉయ్యాలో’ అని అందుకునేవాళ్లే ఉండరు. మా ఓటు గొంతుకే.

ప్రశ్న: ఈసారి అనాథ బాలికల వసతి గృహానికి సాయం చేద్దామనుకుంటున్నాం. పోయినసారి ఇచ్చిన బట్టల్లో సగం వాళ్లకు పనికిరాలేదట. (కరీంనగర్)

జవాబు: ముందు నిర్వాహకులను అడిగి వయసులవారీగా జాబితా రాయించుకోండి. లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, తలనూనె, నోటు పుస్తకాలు, ఎల్‌ఈడీ బల్బులు: వాళ్లు అడిగేవి చాలాసార్లు ఇలాంటివే. పాత పట్టుచీరలు ఎవరూ అడగరు.

డబ్బు దగ్గర ఒకటే నియమం: వేడుక చందా వేరు, విరాళం వేరు. రెండూ కలిపి వసూలు చేస్తే, పూలకూ వంటకూ ఎక్కువైనప్పుడు విరాళంలోంచే తీస్తారు. ఒకరి సొంత ఫోన్‌పేకు కాకుండా సంఘం ఖాతాకే వేయించండి. విరాళాల పెట్టెను ఇద్దరు కలిసి తెరిచి, లెక్కపెట్టి, సంతకాలు చేసి, లెక్కను నోటీసు బోర్డు మీద అంటించండి. పన్ను మినహాయింపు కావాలనేవాళ్లు అందుకు అర్హత (80జీ) ఉన్న సంస్థకు నేరుగా ఇచ్చి, రసీదు తమ పేరున తీసుకోవాలి. నగదుగా 2,000 రూపాయలు దాటితే మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే లేదు.

ప్రశ్న: మా తెలుగు సంఘం ఇక్కడ బతుకమ్మ నాడు పోగైన డబ్బును తెలంగాణలోని ఒక బడికి పంపవచ్చా? (డాలస్)

జవాబు: మీ సంఘం అమెరికాలో నమోదైనది కాబట్టి దాని ఖాతా నుంచి వచ్చేదంతా భారత చట్టం ప్రకారం విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు తప్పనిసరి. డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఆ సంస్థకున్న ప్రత్యేక ఖాతాలో పడాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఈ డబ్బును మరో సంస్థకు ఇవ్వడానికీ వీల్లేదు. మధ్యలో ఇంకొకరిని పెట్టుకోకండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా విడిగా పంపుకుంటే ఈ చట్టం వర్తించదు. విదేశీ పౌరసత్వం తీసుకుని, ఓసీఐ (భారత సంతతివారికిచ్చే) కార్డు మాత్రమే ఉన్నవారికి వర్తిస్తుంది.

ప్రశ్న: భర్త పోయిన అక్కలు దూరంగా నిలబడుతున్నారు. ఎలా పిలవాలి? (జగిత్యాల)

జవాబు: ఇబ్బంది ఆట దగ్గర కంటే బొట్టు పెట్టి వాయనం ఇచ్చేచోటే వస్తుంది. పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని వరుసగా తిరగడం మానేసి, ఒక బల్ల మీద ఉంచండి, కావాలనుకున్నవాళ్లు పెట్టుకుంటారు. వాయనం సంచులన్నీ ఒకేలా కట్టి అందరి చేతికీ ఇవ్వండి. పాట బాగా వచ్చిన పెద్దక్క ఉంటే మొదటి పాట ఆమెనే ఎత్తమనండి.

ప్రశ్న: దగ్గర్లో చిన్న కుంట ఒకటే ఉంది. బతుకమ్మలన్నీ అందులోనే వేయవచ్చా? (మేడ్చల్)

జవాబు: వద్దు. పూలు కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. ఒక్క చిన్న బతుకమ్మను కుంటలో వదిలి, మిగతావాటిని నీళ్లు నింపిన తొట్టిలో ముంచండి. జరీ కాగితం, నైలాన్ దారం ముందే తీసేయండి. మర్నాడు పూలను వడగట్టి, ఎండుటాకులతో పొరలు పొరలుగా గుంతలో వేస్తే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది.