ట్రాక్ సా వెనక్కి తన్నుతోంది, కోత మాడుతోంది అన్న ప్రశ్నకు

మీరు అడిగింది ఇదీ: కొత్తగా గైడ్ రైలుతో ట్రాక్ సా (పొడవాటి లోహపు పట్టా మీద జారుతూ కోసే కరెంటు రంపం) కొన్నారు, ప్లైవుడ్ షీటును నిలువునా కోస్తుంటే సగం దాటాక రంపం ఒక్కసారిగా వెనక్కి తన్నింది, కోత అంచు కూడా అక్కడక్కడా నల్లబడింది, రైలు ఉన్నా ఇలా ఎందుకు అవుతోంది అని.

చాలా కాలంగా ఈ రంపంతోనే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా. రైలు రంపాన్ని తిన్నగా నడిపిస్తుంది, అంతే. చెక్క బ్లేడును బిగించేయకుండా చూసుకోవడం మన పనే. రైలు ఉందన్న ధీమాతో షీటు కింద ఏముందో చాలామంది చూసుకోరు, నా లెక్కలో సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

మీ షీటు రెండు స్టూళ్ళ మీదో, రెండు బల్లల మధ్యో పెట్టి ఉంటారని నా అనుమానం. కోత సగం దాటేసరికి షీటుకు బలం తగ్గి మధ్యలో కుంగుతుంది, పైన కోత మూసుకుని బ్లేడు రెండు వైపులా బిగుసుకుంటుంది, అప్పుడు బ్లేడు వెనక భాగంలో కిందికి దిగే పళ్ళు చెక్కను పట్టుకుని రంపాన్ని మీ మీదికి విసురుతాయి. నేనైతే నేల మీద మందపాటి ఫోమ్ షీటో థర్మాకోలో పరిచి, దాని మీద ప్లైవుడ్ వేసి, మోకాళ్ళ మీద కూర్చుని కోస్తాను. బ్లేడు ఫోమ్‌లోకి కొంచెం దిగుతుంది, దిగనివ్వండి. కోసిన ముక్కకీ మిగిలిన ముక్కకీ కింద మొత్తం ఆనుకుని ఉంటుంది, రెండూ కదలవు.

లోతు విషయం. చెక్క మందం కంటే 2, 3 మి.మీ. మాత్రమే బ్లేడు కిందికి దిగాలి. కొన్ని రంపాల స్కేలులో రైలు మందం ముందే కలిపి ఉంటుంది, కొన్నింటిలో ఉండదు, అందుకని స్కేలును నమ్మకుండా ఒకసారి పనికిరాని ముక్క మీద కోసి కొలవండి. కోత మొదలుపెట్టేటప్పుడు రైలు చెక్కకు రెండు వైపులా ఓ జానెడు బయటికి ఉండాలి, రంపం అడుగు రైలు మీద పూర్తిగా కూర్చోవాలి, బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే కిందికి దించాలి. చెక్క మధ్యలో దించాల్సి వస్తే రంపం వెనకాల రైలుకు స్టాపర్ బిగించుకోండి, అది లేకుండా నేను మధ్యలో దించను. కోతలో రంపం ఇరుక్కుంటే స్విచ్ వదిలేసి బ్లేడు పూర్తిగా ఆగేదాకా ఆగండి, తిరుగుతుండగా వెనక్కి లాగితే మళ్ళీ తన్నుతుంది.

ఇంకోటి, ఎవరూ చెప్పరు: దుమ్ము గొట్టమూ కరెంటు వైరూ రైలు చివర తగులుకుంటాయి. చేతికి ఏదో లాగినట్టు అనిపిస్తే చాలాసార్లు కారణం అదే. ప్లగ్గు తీసి ఉంచి, రంపాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి ఊరికే నడిపి చూసుకోండి, గొట్టం భుజం మీదుగా వేసుకోండి.

క్లాంపులు (బిగింపు పట్లు) అక్కర్లేదు, రైలు అడుగున ఉన్న రబ్బరు పట్టీలు పట్టుకుంటాయి అంటారు. అవి శుభ్రంగా ఉంటే నిజమే. సన్నటి పొట్టు ఒక పొర పేరుకుంటే రైలు సబ్బు మీద కాలేసినట్టు జారుతుంది. తడి గుడ్డతో తుడిచి ఆరనిచ్చి వాడండి, థిన్నర్ వద్దు. మైకా అంటించిన చెక్క మీద, వాలు కోతలకు మాత్రం నేను రెండు చివర్లా క్లాంపు వేయకుండా కోయను.

ఇక మాడటం. మొదట బ్లేడు చూడండి. ప్లగ్గు తీసి (స్విచ్ ఆపితే చాలదు) బ్లేడు విప్పి వెలుతురులో పట్టుకుంటే పళ్ళ పక్కన గోధుమ రంగు జిగురు గట్టిపడి కనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బు వేసి నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, వెంటనే పొడిగా తుడవండి. ప్రతి పన్నూ గోటితో తాకి చూడండి, ఒక్కటి విరిగి ఉన్నా ఆ బ్లేడు పక్కన పెట్టేయండి. ప్లైవుడ్‌కు 48 పళ్ళ బ్లేడు బాగుంటుంది, మందపాటి గట్టి చెక్కను నార వెంబడి కోయడానికి అదే వాడితే పొట్టు బయటికి పోక వేడెక్కి మాడుతుంది, దానికి తక్కువ పళ్ళది కావాలి. బ్లేడు మీద రాసిన గరిష్ట వేగం మీ రంపం వేగం కంటే తక్కువ ఉండకూడదు, లోపలి రంధ్రం సైజు కూడా సరిపోవాలి. మరీ నెమ్మదిగా నెట్టినా మాడుతుంది, చాలామంది భయంతో అలాగే నెడతారు.

బ్లేడు బాగున్నా మాడితే రంపాన్ని రైలు మీద పెట్టి పక్కకు ఊపి చూడండి. టక్కుమని కదిలితే అడుగు ప్లేటులో ఉండే సర్దుబాటు స్క్రూలు వదులయ్యాయని. ఊగకూడదు, కానీ రెండు వేళ్ళతో నెడితే సాఫీగా జారాలి, అక్కడ ఆపండి.

రైలు అంచున ఉండే సన్నటి పట్టీని మొదటి కోతలో మీ బ్లేడే కోసి తన గీత ఏర్పరుస్తుంది. తర్వాత వేరే మందం బ్లేడు వేస్తే ఆ గీత మారుతుంది, పట్టీ అరిగితే అంచు చిట్లుతుంది, అప్పుడు పట్టీ మార్చాలి. రైలును గోడకు ఏటవాలుగా ఆనించి వదిలేయకండి, వేలాడదీయండి. వంగిందేమో అనిపిస్తే దాని అంచు వెంట సన్న గీత గీసి, రైలును తలకిందులు చేయకుండా అటు చివర ఇటు తిప్పి, అదే అంచును గీత చివర్లకు ఆనించి మళ్ళీ గీయండి. రెండు గీతలూ కలవకపోతే రైలు వంగినట్టే, సరిచేయాలని చూడకండి, కుదరదు.

కళ్ళద్దాలు, చెవులకు రక్షణ, ఎన్95 మాస్కు తప్పనిసరి. చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే పెట్టింది, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక) కోస్తే ఇంకా సన్న దుమ్ము.

ముందు ఫోమ్ వేసి ఇదే కోత మళ్ళీ కోయండి. అప్పటికీ మాడితే బ్లేడుకు ఎన్ని పళ్ళో, చెక్క మందం ఎంతో రాయండి, చూసి చెబుతాను.