గోదావరి అనే యుద్ధనౌక: కాన్వాయ్ కాపలా డ్యూటీ గురించి ఒక సోనార్ మనిషి జవాబు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు ఓడల కాన్వాయ్‌లకు కాపలా వెళ్లిన భారత నౌకలు ఉన్నాయా? వాటిలో డ్యూటీ నిజంగా ఎలా ఉండేది?

ఉన్నాయండీ. వాటిలో ఒకదాని పేరు గోదావరి. నేను పుట్టింది రాజమండ్రిలో. నేవీలో పదిహేనేళ్లు చేశాను, అదీ సోనార్ విభాగంలో, అంటే నీటి కింద సబ్‌మెరైన్లను శబ్దంతో వెతికే పని. అందుకే ఈ ఓడ ఊసు వస్తే ఊరుకోలేను, కాస్త వివరంగా రాస్తాను.

అప్పట్లో రాయల్ ఇండియన్ నేవీకి నదుల పేర్లున్న స్లూప్‌లు, అంటే చిన్న కాపలా యుద్ధనౌకలు, కొన్ని ఉండేవి: సట్లెజ్, జమున, నర్మద, గోదావరి, కావేరి, కిస్ట్నా. కిస్ట్నా అంటే మన కృష్ణే, ఇంగ్లిష్ వాళ్ల నోట్లో పడి అలా అయింది. గోదావరిని ఇంగ్లండ్‌లో, సౌతాంప్టన్ దగ్గర కట్టి 1943లో నేవీలో చేర్చారు. పొడవు 90 మీటర్లకు కాస్త ఎక్కువ. నాలుగంగుళాల తుపాకులు ఆరు. స్పీడు 20 నాట్ల లోపే, అంటే గంటకు 37 కిలోమీటర్ల లోపు. డిస్ట్రాయర్ల పక్కన చూస్తే చిన్నదే, కానీ కాన్వాయ్ పనికి ఆ స్పీడు చాలు. ఎందుకంటే కాన్వాయ్ మొత్తం అందులో అన్నిటికన్నా నిదానమైన ఓడ ఎంత నడిస్తే అంతే నడుస్తుంది.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2008 అక్టోబర్ నుంచి మన నేవీ యెమెన్, సోమాలియాల మధ్య ఉన్న ఏడెన్ గల్ఫ్‌లో సముద్రపు దొంగల నుంచి సరుకు ఓడలను కాపాడుతోంది. ఆ డ్యూటీకి నేనూ ఒకసారి వెళ్లాను. అక్కడ 490 నాటికల్ మైళ్ల దారి ఒకటి గీసి పెట్టారు. ఓడలన్నీ ఒకచోట కలుసుకుంటే వాటిని వరసలో పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు దాటించాలి. మా వరసలో ఒక పాత ఓడ మాటిమాటికీ వెనకబడేది. దాని కోసం మిగతా అందరూ తగ్గాల్సి వచ్చేది. అక్కడ సబ్‌మెరైన్ భయం లేదు కాబట్టి మా సోనార్ వాళ్లకు బైనాక్యులర్లు ఇచ్చి పైన నిలబెట్టారు. చేపల పడవ ఏది, దొంగల పడవ ఏది అని చూస్తూ చూస్తూ కళ్లు మంటలెత్తేవి. మొత్తం ట్రిప్పులో ఏమీ జరగలేదు. ఏమీ జరగనందుకు నాకు అప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

1943, 44లో హిందూ మహాసముద్రంలో అయితే భయమంతా నీటి కిందే. జపాన్ సబ్‌మెరైన్లతో పాటు జర్మనీవీ అక్కడికి వచ్చాయి. వాటిని పట్టే పరికరాన్ని అప్పట్లో ఆస్‌డిక్ అనేవాళ్లు, మా సోనార్‌కు తాత లాంటిది. ఓడ అడుగు నుంచి నీళ్లలోకి ఒక శబ్దం వదులుతారు. అది దేనికైనా తగిలితే తిరిగి వస్తుంది. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు కిలోమీటరున్నర పోతుంది కాబట్టి, కిలోమీటరున్నర దూరంలో ఏదైనా ఉంటే రెండు సెకన్లకు జవాబు వినపడుతుంది. ఆ రెండు సెకన్లే మా బతుకంతా. వచ్చిన ఎకో స్వరం కాస్త హెచ్చితే అది మన వైపు వస్తోందని, తగ్గితే దూరంగా పోతోందని అర్థం. తిమింగలం కూడా ఎకో ఇస్తుంది, చేపల గుంపూ ఇస్తుంది. నేను కొత్తలో ఎకో వినగానే ఎగిరి అరిచేవాడిని. మా చీఫ్ భుజం మీద చెయ్యేసి "ముందు ఇంకోసారి విను" అనేవారు. ఇంకోటి, మధ్యాహ్నం ఎండకు పైనీళ్లు వేడెక్కితే శబ్దం కిందికి వంగిపోయి, దగ్గరున్నది కూడా దొరకదు. మన సముద్రాల్లో ఇది రోజూ ఉండే బాధే. నాకున్న స్క్రీన్లు, కంప్యూటర్లు ఆ ఆస్‌డిక్ వాళ్లకు లేవు. చెవులను నమ్ముకుని నాలుగేసి గంటలు కూర్చున్నారు.

వినపడకపోతే ఏమవుతుందో 1944 ఫిబ్రవరి 12న తెలిసింది. మొంబాసా నుంచి కొలంబో వెళ్తున్న కాన్వాయ్‌లో సైనికులతో నిండిన ఖెదివ్ ఇస్మాయిల్ అనే ఓడను మాల్దీవుల దగ్గర జపాన్ సబ్‌మెరైన్ కొట్టింది. రెండు నిమిషాల్లో మునిగిపోయింది. దాదాపు 1,300 మంది పోయారు, నర్సులు కూడా ఉన్నారు. సబ్‌మెరైన్ దాక్కున్న చోటే, పైన, బతికినవాళ్లు తేలుతున్నారు. కాపలా ఓడ పెటార్డ్ అక్కడే డెప్త్ చార్జీలు, అంటే నీటి లోతులో పేలే బాంబులు, వేయాల్సి వచ్చింది. వదిలేస్తే మిగతా ఓడలు పోతాయి. ఆ ఆర్డరు ఇచ్చినవాళ్లను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కానీ ఆ సంగతి చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక గోదావరి. 1944 ఆగస్టు 6, 7 తేదీల్లో యూ-198 అనే జర్మన్ సబ్‌మెరైన్ ఆఫ్రికా తీరం దగ్గర వరసగా రెండు బ్రిటిష్ సరుకు ఓడలను ముంచేసింది. దాన్ని వెతకడానికి వెళ్లిన దళంలో గోదావరి ఉంది. పదో తారీఖున బేగమ్ అనే విమానవాహక నౌక విమానాలు దాని జాడ పట్టాయి. పన్నెండున, సీషెల్స్ దగ్గర, బ్రిటిష్ ఫ్రిగేట్ (అదీ కాపలా యుద్ధనౌకే) ఫిండ్‌హార్న్, మన గోదావరి కలిసి దాన్ని హెడ్జ్‌హాగ్ అనే ఆయుధంతో ముంచాయి.

హెడ్జ్‌హాగ్ గురించి చెప్పాలి. డెప్త్ చార్జీని ఓడ వెనక నుంచి జారవిడుస్తారు. కానీ సబ్‌మెరైన్ మీదికి దగ్గరగా వెళ్లేసరికి ఆస్‌డిక్‌కు అది వినపడడం ఆగిపోతుంది. అంటే సరిగ్గా కొట్టే సమయానికి మనం గుడ్డివాళ్లం. పైగా పేలుడుకు నీళ్లు కలగిపోయి కాసేపు ఏమీ వినపడదు. హెడ్జ్‌హాగ్ అలా కాదు. 24 చిన్న బాంబులను ఒక్కసారిగా ముందుకు విసురుతుంది, ఎకో ఇంకా చెవిలో ఉండగానే. తగిలితేనే పేలతాయి. తగలకపోతే నిశ్శబ్దం, అంతే. విసిరాక హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడు ఆ కొద్ది సెకన్లు ఎంత టెన్షన్‌తో కూర్చుని ఉంటాడో నేను ఊహించగలను. ఆ రోజు నిశ్శబ్దం రాలేదు. సబ్‌మెరైన్‌లోని 66 మందిలో ఒక్కరూ మిగల్లేదు. సబ్‌మెరైన్ విరిగి కిందికి పోయే చప్పుడు కూడా ఆ చెవులకే ముందు వినపడుతుంది. శత్రువైనా సరే, అది మర్చిపోయే చప్పుడు కాదు.

ఎవరైనా ఎస్కార్ట్ ఓడ గురించి అడిగితే ముందు "ఎన్నిటిని ముంచింది?" అంటారు. గోదావరికి ఆ లెక్క ఈ ఒక్కటే, అదీ ఇంకొకరితో కలిసి. మిగిలిన రోజులు నేను పైన రాసిన ఏడెన్ ట్రిప్పు లాంటివే. చీకట్లో లైట్లన్నీ ఆర్పేసి, పక్క ఓడకు గుద్దుకోకుండా, వెనకబడిన దాన్ని కేకేసి తెస్తూ. పక్కనున్న సరుకు ఓడల వాళ్లు రేవు చేరి దిగి వెళ్లిపోతారు, వాళ్ల పేర్లు కూడా మనకు తెలియవు. నా దృష్టిలో అసలు సర్వీసు అదే.

దేశ విభజనలో ఓడలను కూడా పంచారు. గోదావరి పాకిస్తాన్ వాటాకు పోయింది, 1948లో దాని పేరు సింధ్ అయింది. నది మన దగ్గర, ఆ ఓడ వాళ్ల దగ్గర. ఈ సంగతి తెలిసినప్పుడు చిన్నపిల్లాడిలా బాధపడ్డాను. మన నేవీలో ఆ పేరు మళ్లీ 1983 డిసెంబర్ 10న వచ్చింది, ముంబైలో మనమే కట్టుకున్న ఫ్రిగేట్‌కు. 2015లో రిటైర్ అయింది. అంతకు ముందు, 2011లో, ఆ గోదావరి కూడా ఏడెన్ గల్ఫ్‌కు వెళ్లింది, సరుకు ఓడలకు కాపలాగా.