నేరస్థుడా, నేరస్తుడా, నేరగాడా?

ప్రశ్న: నేను సోషియాలజీలో ఎమ్మే చేస్తున్నాను. నేరాల మీద రాసిన ప్రాజెక్టు రిపోర్టులో 'నేరస్తుడు' అని ఉన్న ప్రతిచోటా మా గైడ్ గారు కొట్టేసి 'నేరం చేసిన వ్యక్తి' అని దిద్దారు. నేను రాసిన మాటలో అక్షరదోషం ఉందా, అసలు ఆ మాటే తప్పా? పత్రికల్లో 'నేరగాడు' అని చూస్తుంటాం, అది వాడొచ్చా? 'ముద్దాయి' సంగతేమిటి?
– ఒక విద్యార్థిని, అనంతపురం

సమాధానం: ముందు అక్షరం సంగతి తేల్చేద్దాం. 'స్థ' అంటే ఉండే, ఉన్న అని అర్థం. గ్రామస్థుడు, గృహస్థుడు, తటస్థుడు అన్నీ ఆ దారిలో వచ్చినవే. కాబట్టి 'నేరస్థుడు' అని రాయాలి. 'నేరస్తుడు' అని చేయి జారడానికి రుణగ్రస్తుడు, వ్యాధిగ్రస్తుడు లాంటి మాటల అలవాటు ఒక కారణం కావచ్చు. వాటిలో ఉన్నది 'గ్రస్త', దేని బారినో పడినవాడని. నేరం తెలుగు మాట, 'స్థ' సంస్కృతం, రెండూ అతకవని పట్టుబట్టేవారు ఉన్నారు. ఇంతగా స్థిరపడ్డ మాటకు ఇప్పుడా పట్టింపు అనవసరం.

మీ గైడ్ గారు కొట్టేసింది మాత్రం అక్షరదోషం చూసి కాదనుకుంటాను. గ్రామస్థుడు గ్రామంలో ఉండేవాడు. ఆ లెక్కన నేరస్థుడు నేరంలోనే ఉండేవాడవుతాడు! ఒకరోజు చేసిన పని అతని శాశ్వత చిరునామా అయిపోతుంది. సమాజశాస్త్రం అభ్యంతరం చెప్పేది సరిగ్గా ఇక్కడే. ఎవరు ఏం చేశారన్న దానితోపాటు, ఏ పనిని ఎవరు నేరమన్నారు, ఆ ముద్ర ఎవరి మీద పడింది, పడ్డాక అతనికి ఏ దారులు మూసుకుపోయాయి అని అది అడుగుతుంది. అమెరికన్ సమాజశాస్త్రవేత్త హోవార్డ్ బెకర్ 1963లో గట్టిగా వాదించింది ఇదే.

దీనికి ఉదాహరణ మన దగ్గరే ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. జాబితాకెక్కిన కులంలో పుట్టినవాళ్ల పేర్లు రిజిస్టరులో రాసుకోవడం, హాజరు వేయించుకోవడం, చెప్పకుండా ఊరు దాటితే శిక్షించడం దాని పద్ధతి. వీళ్ల కోసం సెటిల్‌మెంట్లు కట్టారు. బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలను ఉంచి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ చేతికి అప్పగించిన స్టువర్టుపురం అలాంటిదే. గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఆ ఊరి పేరు. ఈ చట్టాన్ని మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దు చేశారు. అప్పటినుంచి ఆ సముదాయాలను విముక్త జాతులంటున్నాం. అయినా 'స్టువర్టుపురం' అనగానే 'దొంగలు' అనే మాట ఇంకా చాలామంది నోట వచ్చేస్తుంది. ఆ ఊరి పిల్లవాడు ఉద్యోగానికి అప్లికేషన్ పెడితే ఊరి పేరు దగ్గరే ఆగిపోతాడు. మీ రిపోర్టు ఇలాంటి సముదాయాల గురించైతే గైడ్ గారి దిద్దుబాటు అక్షరాలా సరైనది.

అలాగని ప్రతి వాక్యంలో 'నేరం చేసిన వ్యక్తి' అంటే చదివేవాడికి విసుగు పుడుతుంది. పైగా అదీ అన్నిచోట్లా నిజం కాదు. కేసు మాత్రమే నమోదైతే 'నిందితుడు' అనండి. కోర్టు తీర్పు వచ్చి ఉంటే 'దోషి' లేదా 'శిక్ష పడినవాడు' అనండి. మీరు జైల్లో మాట్లాడినవాళ్లలో విచారణ ఖైదీలు కూడా ఉండే ఉంటారు. వాళ్లను నేరస్థులంటే భాషాదోషం కంటే పెద్ద తప్పు.

ఇక 'నేరగాడు'. వేటగాడు, మోసగాడు లాగా వ్యాకరణం ప్రకారం శుభ్రమైన తెలుగు మాట. చిక్కంతా ఆ 'గాడు'లో వినపడే చులకనతోనే. పత్రికలు దాన్ని ఎవరికి తగిలిస్తున్నాయో ఒకసారి గమనించండి. గొలుసు తెంపుకుపోయినవాడు 'దొంగ', ఓటీపీ అడిగి ఖాతా ఖాళీ చేసినవాడు 'సైబర్ నేరగాడు'. బ్యాంకుకు కోట్లు ఎగ్గొట్టిన పెద్దమనిషి మాత్రం 'ఉద్దేశపూర్వక ఎగవేతదారు'! ఖాతాదారు, వాటాదారుల వరసలో ఆయనకు కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మరో అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్ 1939లో 'వైట్ కాలర్ నేరం' (హోదా ఉన్నవాళ్లు తమ వృత్తిలో చేసే నేరం) అనే మాటను ముందుకు తెచ్చింది ఈ తేడాను పట్టిచూపడానికే. మీ రిపోర్టులో ఇదో చిన్న అధ్యాయం కావచ్చు. నాలుగు పత్రికలు ముందేసుకుంటే సామగ్రి అదే దొరుకుతుంది.

అడగలేదు కానీ ఇంకొకటి చెప్తాను. 'తప్పు', 'నేరం' ఒకదాని బదులు ఒకటి వాడకండి. వ్యభిచారాన్ని, అంటే పరాయివాడి భార్యతో సంబంధాన్ని, నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది. అది తప్పని నమ్మేవారి నమ్మకం అలాగే ఉంది, నేరం మాత్రం కాకుండా పోయింది. 'అపరాధం' మరీ పలచబడింది. పరీక్ష ఫీజు ఆలస్యంగా కట్టి అపరాధ రుసుం చెల్లించినంత మాత్రాన ఎవరూ అపరాధి కారు కదా. పట్టికల కింద వ్యాఖ్య రాసేటప్పుడు కూడా జాగ్రత్త. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు పోలీసుల దగ్గర నమోదైన కేసులవి. 'నేరాలు పెరిగాయి' అని రాసే ముందు, పెరిగింది ఫిర్యాదు చేసే ధైర్యమేమో చూసుకోండి. 'నమోదైన కేసులు పెరిగాయి' అంటే ఏ గొడవా లేదు.

'ముద్దాయి' తెలుగులో నిందితుడే, నిశ్చింతగా వాడండి. కానీ నిజాం కాలపు ఉర్దూ కాగితాలు చూడాల్సి వస్తే మాత్రం అక్కడి 'ముద్దయీ' దావా వేసినవాడు, అంటే వాది. మన దగ్గరికొచ్చేసరికి మాట తిరగబడి బోనెక్కింది. ఉర్దూలో నిందితుణ్ని 'ముల్జిమ్' అంటారు, నేరం రుజువైనవాణ్ని 'ముజ్రిమ్' అంటారు. ఈ రెండింటినీ కలిపేయకుండా అనువదించుకోండి.