నాయనమ్మ పింఛను ఎందుకు ఆగింది? ఏ అంచెలో పడిందో ముందు కనుక్కోండి

"మా నాయనమ్మకు 74 ఏళ్ళు. పింఛను రెండు నెలలుగా ఆగింది. పక్కింట్లో డాబా ఉన్నవాళ్ళకు మాత్రం వస్తోంది. ఇదంతా ఎవరు నిర్ణయిస్తారు? నేను బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాను, ఊరెళ్ళి ఎవరిని అడగాలి?" అని అడిగారు.

మీ ఊళ్ళో ఎవరూ నిర్ణయించరండీ. నేను 2020 ఫిబ్రవరి నుంచి మూడేళ్ళకు పైగా పల్నాడులో మా ఊళ్ళోనే, పింఛన్లు ఇంటింటికీ చేరవేసే వాలంటీరుగా పనిచేశాను. నా కింద 50 ఇళ్ళు, నాకు నెలకు 5 వేలు. వాటిలో ఏ ఇంట్లో పొయ్యి వెలగదో నాకు తెలుసు. కానీ నా మాట ఎవరికి కావాలి?

ఆంధ్రప్రదేశ్ రూలు ప్రకారం ఇంటి ఆదాయం పల్లెలో నెలకు 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదు. కూలికి వెళ్ళే ఇంట్లో నెలాదాయం ఇంత అని ఎవరు చెప్పగలరు? అందుకని కంప్యూటరు చూడగలిగినవి ఆరు పెట్టుకున్నారు. దాన్నే ఆరు అంచెల పరిశీలన అంటారు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు మించకూడదు. కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫర్వాలేదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు ఉండకూడదు. కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదు. పట్నంలో అయితే ఇల్లు వెయ్యి చదరపు అడుగుల లోపు ఉండాలి. చూశారా, ఇంటి కొలత పట్నానికే. పల్లెలో మీ పక్కింటివాళ్ళ డాబా అసలు లెక్కలోకే రాదు.

వీటన్నిటినీ ఆధార్ నంబరు పట్టుకునే వెతుకుతారు. తంటా అంతా అక్కడే. నా ఇళ్ళలో ఒక పెద్దావిడ ఉండేది. రేకుల ఇల్లు, రెండు బల్బులు, ఒక ఫ్యాను. 300 యూనిట్లు దాటిందని పింఛను ఆపారు. ఆవిడ బిల్లు ఏనాడూ యాభై యూనిట్లు దాటలేదు. తీరా చూస్తే ఆవిడ ఆధార్ కింద మూడు మీటర్లున్నాయి: ఆవిడది, వేరుపడిన కొడుకుది, పక్క ఊళ్ళో ముక్కూ మొహం తెలియని వాళ్ళది. ఆ మూడోది ఎవరు తగిలించారో ఇప్పటికీ తెలియదు. కరెంటాఫీసుకు నాలుగుసార్లు తిరిగి వాటిని తీయిస్తే ఐదు నెలలకు పింఛను మళ్ళీ మొదలైంది. ఆగిన నెలల డబ్బు రాలేదు.

జాబితాలో పేరుంటే సరిపోదు, చేతికి అందడం ఇంకో కథ. నెలాఖరున గ్రామ సచివాలయంలో పథకాలు చూసే ఉద్యోగి, వెల్ఫేర్ అసిస్టెంటు, బ్యాంకు నుంచి డబ్బు తెచ్చి మాకు లెక్కపెట్టి ఇచ్చేవారు. ఒకటో తారీఖు తెల్లారకముందే బయల్దేరేవాళ్ళం. అప్పట్లో పింఛను 2250. యాభై నోట్ల కోసం ఊరంతా వెతుక్కోవాల్సి వచ్చేది. "ఆ యాభై నువ్వే ఉంచుకో నాయనా" అనేవాళ్ళు కొందరు. ఉంచుకున్న వాలంటీర్లూ ఉన్నారు, దాచడమెందుకు. మిరపకాయలు కోసీ కోసీ అరిగిపోయిన వేళ్ళు వేలిముద్రల మెషీను మీద పడేవి కావు. "వేలు జుట్టుకి రుద్దుకో తాతా, జిడ్డు పట్టుద్ది" అనేవాణ్ణి. కొంతమందికి పనిచేసేది. పది వేళ్ళూ అయిపోతే కంటికి పెట్టేవాళ్ళం. శుక్లాలుంటే అదీ పడేది కాదు. అప్పుడు వెల్ఫేర్ అసిస్టెంటు వచ్చి, తన బాధ్యత మీద ఇప్పించాలి. ఇంతా చేసి బ్యాంకులో వేస్తే పోదా అనేవాళ్ళున్నారు. 2024 మే నెలలో ఎన్నికల కోడ్ ఉందని చాలామందికి బ్యాంకుల్లోనే వేశారుగా, మండుటెండలో ముసలివాళ్ళంతా బ్యాంకుల ముందు బారులు తీరారు. జులై నుంచి 4 వేలు చేసి, సచివాలయం ఉద్యోగులతో మళ్ళీ ఇంటికే పంపిస్తున్నారు. ఆ ఒక్క పని మాత్రం ఏ ప్రభుత్వమూ మానకూడదని నా అభిప్రాయం.

ఇక మీరు చేయాల్సింది. సచివాలయానికెళ్ళి "ఎందుకు ఆపారు" అని గొడవ పడకండి, "ఏ అంచెలో పడింది" అని అడగండి. వెల్ఫేర్ అసిస్టెంటు లాగిన్‌లో కనబడుతుంది. కరెంటు అయితే కరెంటాఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరకు వెళ్ళాలి. పొలం అయితే వీఆర్వోని, తహసీల్దారుని కలవాలి. అమ్మేసిన పొలం ఇంకా పాత పేరు మీదే 1బీలో, అంటే రెవెన్యూ వాళ్ళ భూమి రికార్డులో, ఉండటం మామూలే. కారు అమ్మేసి ఆర్సీ మార్పించని వాళ్ళయితే ఆర్టీవో దగ్గరకు. ఎక్కడికెళ్ళినా అర్జీకి రసీదు తీసుకోండి.

అయితే వాటన్నిటికంటే ముందు నాకు అనుమానం మీ మీదే, ఏమీ అనుకోకండి. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఎవరెవరు ఒకే కుటుంబమో సచివాలయంలో నమోదైన జాబితాలో, మీరింకా నాయనమ్మ కుటుంబంలోనే ఉన్నారా? అక్కడ మీ పేరుంటే మీ పన్ను రిటర్ను ఆవిడ లెక్కలో పడుతుంది. బెంగళూరు నుంచి బయల్దేరే ముందు సచివాలయానికి ఫోన్ చేసి, ఆ మ్యాపింగ్‌లో ఎవరెవరి పేర్లున్నాయో చదివి వినిపించమనండి.