ఐదు సెకన్లుందనగా ఆగిపోతే లోపలున్నవాళ్ల సంగతేంటి?

ప్రశ్న: సార్, 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ టెస్ట్ చూద్దామని మా వాణ్ణి తీసుకుని శ్రీహరికోట గ్యాలరీకి వెళ్లాం. ఐదు సెకన్లుందనగా ఆగిపోయింది. పది గంటలకు ఎగిరిందనుకోండి. కానీ వాడు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు, లోపల మనుషులుంటే ఏం చేసేవాళ్లని. ఏం చెప్పను?
— ఒక తల్లి, తిరుపతి

జవాబు: ఏమీ చేసేవాళ్లు కాదని చెప్పండమ్మా. బెల్టులు కట్టుకుని అలాగే పడుకుని ఉండేవాళ్లు, నన్నడిగితే అదే అన్నిటికన్నా కష్టం.

1965 డిసెంబర్ 12న అమెరికాలో ఇద్దరు వ్యోమగాములున్న జెమినీ-6 రాకెట్ ఇంజిన్లు మండాయి, సెకను దాటీ దాటకముందే ఆగిపోయాయి. లోపల గడియారం మాత్రం రాకెట్ లేచినట్టే తిరగడం మొదలెట్టింది. అలాంటప్పుడు కాళ్ల మధ్యున్న రింగు లాగి ఇద్దరూ సీట్లతో సహా బయటికి ఎగిరిపోవాలని రూలు. కమాండర్ వాలీ షిర్రా లాగలేదు. వీపుకి కదలిక తెలియలేదు కాబట్టి నేలమీదే ఉన్నామని నమ్మాడు. ఒక ప్లగ్గు ముందే ఊడిపోవడం వల్ల వచ్చిన గొడవది. మూడు రోజుల తర్వాత అదే రాకెట్‌లో వెళ్లారు. టెన్షన్‌లో చెయ్యి ఆపుకోవడం నా వల్లయితే కాదు.

అన్నిసార్లూ కూర్చుంటే కుదరదు మరి. 1983 సెప్టెంబర్ 26న సోవియట్ వాళ్ల బైకనూర్ ప్రయోగ కేంద్రంలో సోయూజ్ అనే వ్యోమనౌక కింద, రాకెట్‌కి మంటలు అంటుకున్నాయి. కేబుళ్లు కాలిపోయాయి, లోపలున్న టిటోవ్, స్ట్రెకలోవ్‌ల చేతిలో ఏమీ లేదు. కింద కంట్రోల్‌లో ఉన్నవాళ్లే బటన్లు నొక్కితే, పైనున్న ఎస్కేప్ రాకెట్ మనుషులున్న క్యాప్సూల్‌ని లాక్కుపోయింది, ఆ వెంటనే కింద అంతా పేలిపోయింది. ఆ కుదుపు 14 నుంచి 17 జీలు, అంటే అరవై కిలోల మనిషి దాదాపు టన్ను బరువైపోయినట్టు. నాలుగు కిలోమీటర్ల అవతల ప్రాణాలతో దిగారు.

2018లో మరో సోయూజ్‌కి గాల్లో ఇలాగే అయితే, ఆ ఇద్దరూ ఐదు నెలలకే మళ్లీ అంతరిక్షానికి వెళ్లారు.

మీరు పది గంటలకు చూసింది సరిగ్గా ఆ లాక్కుపోవడమే. క్యాప్సూల్ పారాచూట్లతో మన సముద్రంలోనే దిగింది, నేవీవాళ్లు తీసుకొచ్చారు. కాకపోతే నీళ్లలో తలకిందులుగా తేలింది, దాన్ని నిలబెట్టే ఏర్పాటు ఆ టెస్టులో లేదు. మీ వాడు ఈసారి దాని గురించే అడుగుతాడు, చూడండి.