ఫ్రెంచి ఫ్యాషన్ పత్రికను ఏళ్ళ తరబడి అనుసరించేవాళ్ళు అందులో ఏం చూస్తారు?

వోగ్ పారిస్ అనే ఫ్రెంచి ఫ్యాషన్ పత్రిక సంచికలు రెండు కొని మొదటి నుంచి చివరి దాకా తిరగేశాననీ, బట్టలూ ప్రకటనలూ తప్ప అందరూ చెప్పే "సంపాదకురాలి దృష్టి" ఎక్కడా కనబడలేదనీ మీరు రాశారు. ఫ్రెంచి రాకపోవడమే కారణమా అని కూడా అడిగారు. భాష రాకపోవడం కారణం కాదు. ఆ దృష్టి ఒకటి రెండు సంచికలలో కనబడే వస్తువు కాకపోవడమే కారణం. ఈ పత్రికను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను కాబట్టి, అది నాకు ఎలా కనబడడం మొదలైందో కాస్త వివరంగా చెబుతాను.

మొదటి సంచిక నా చేతికి వచ్చింది 2006లో, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య. అప్పుడు నేను దుస్తుల డిజైను చదువుతున్నాను. వానకు తడిసి ఆరిన సంచిక అది. ఆర్ట్ పేపరు తడిస్తే ఏమవుతుందో మీకు తెలిసే ఉంటుంది, పేజీలన్నీ అట్టకట్టుకుపోయి ఉన్నాయి. అమ్మే ఆయన అరవై రూపాయలకు ఇచ్చేశాడు. హాస్టలు గదిలో కూర్చుని సన్నని స్కేలుతో ఒక్కొక్క పేజీ విడదీస్తూ పోతే, కొన్ని చోట్ల ఒక పేజీలోని బొమ్మ తోలులాగా లేచి ఎదుటి పేజీకి అంటుకుంది. ఆ రాత్రి నన్ను ఆపింది ఖరీదైన గౌను ఏదీ కాదు. ఒక మామూలు తెల్ల చొక్కా, దాని మీద బెల్టు. ఆ బెల్టును బకిలు పెట్టకుండా నడుము దగ్గర తాడులా ముడివేశారు. బెల్టు తయారుచేసిన సంస్థ దానికి బకిలు పెట్టింది, అయినా ఎవరో ఒకరు నిలబడి, వద్దని చెప్పి, చేత్తో ముడి వేశారు. అలా చేసిందెవరు అన్న ప్రశ్నతోనే నేను ఈ పత్రికను అనుసరించడం మొదలుపెట్టాను.

జవాబు ఆ పేజీ అంచులోనే చిన్న అక్షరాలలో ఉంది. ఫొటో తీసినవారి పేరు పక్కన "రెయాలిజాసియోన్" అన్న మాట, దాని తరవాత ఇంకొక పేరు ఉంటాయి. దుస్తులను ఎంచి, ఎవరికి ఏది ఎలా తొడగాలో నిర్ణయించే స్టైలిస్టు పేరు అది. ఫ్రెంచివాళ్ళు సినిమా దర్శకుడిని "రెయాలిజాతర్" అంటారని తరవాత తెలిసినప్పుడు నాకు చాలా సంగతులు ఒక్కసారిగా అర్థమయ్యాయి. బట్టలు తొడిగే పనికీ సినిమా తీసే పనికీ ఆ పత్రిక వాడేది ఒకే మాట. వోగ్ పారిస్‌లో చాలాకాలం ఆ మాట పక్కన ఉన్న పేరూ, సంపాదకురాలి పేరూ తరచుగా ఒకటే. కరీన్ రోయిట్‌ఫెల్డ్ 2001 నుంచి 2011 మొదటి దాకా సంపాదకత్వం వహించారు. ఆమె తరవాత 2021 దాకా ఎమ్మాన్యుయెల్ ఆల్ట్. ఇద్దరూ స్టైలిస్టులుగా పైకి వచ్చినవారే, సంపాదకులైన తరవాత కూడా ఆ పని మానలేదు. అందుకే ఈ పత్రికలో సంపాదకురాలి మనసు తెలుసుకోవడానికి ముందుమాట చదవనక్కరలేదు; కాలరు ఎటు తిరిగి ఉందో, చేతులు ఎంతవరకు మడిచి ఉన్నాయో చూస్తే చాలు.

ఇక సీజన్ల సంగతి. వచ్చే వసంతం, వేసవి బట్టలను పారిస్‌లో సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో ప్రదర్శిస్తారు. అవి ఫిబ్రవరి, మార్చి సంచికలలో నిండుగా కనిపిస్తాయి. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో చూపించే చలికాలపు బట్టలు ఆగస్టు, సెప్టెంబరు సంచికలకు చేరతాయి. అంటే లోకంలోని పత్రికలన్నీ దాదాపు అవే బట్టలను, అవే నెలలలో అచ్చు వేస్తాయి. ప్రదర్శనలో మోడల్ తొడుక్కుని నడిచిన నమూనా బట్ట చాలాసార్లు ఒక్కటే ఉంటుంది, అదే ఒక పత్రిక నుంచి ఇంకొక పత్రికకు కొరియరులో తిరుగుతూ ఉంటుంది. పైగా, తల నుంచి కాలి దాకా తాము చూపించిన వరసలోనే తొడగాలని సంస్థలు పట్టుబడతాయి. ప్రకటనలు ఇచ్చేది వాళ్ళే కాబట్టి ఆ మాటకు బరువు ఉంటుంది. ఇంత బిగుతు మధ్య సంపాదకురాలికి మిగిలే చోటు చాలా చిన్నది, దృష్టి అనేది ఏదైనా ఉంటే అది ఆ చిన్న చోటులోనే తెలుస్తుంది. సీజను సంచికలను వరసగా చూడమని నేను చెప్పేది ఇందుకే. వస్తువులు అందరికీ ఒకటే అయినప్పుడు మిగిలే తేడా అంతా చూసే కంటిదే.

ఈ తేడాను అన్నిటికంటే బాగా నేర్పే కాలం ఫ్రాన్సీన్ క్రెసాన్ సంపాదకత్వం, 1968 నుంచి 1987 దాకా. ఆమె స్టైలిస్టుగా పేరు పడలేదు. గీ బుర్దాన్, హెల్ముట్ న్యూటన్ అనే ఇద్దరు ఫొటోగ్రాఫర్లకు పేజీలు అప్పగించి, వాళ్ళు తెచ్చిన బొమ్మలు ప్రకటనదారులకు మింగుడు పడకపోయినా వెనక నిలబడ్డారు. బుర్దాన్ బొమ్మను రెండు పేజీలకు కలిపి ఊహించేవారు, మధ్యలో బైండింగు మడత ఎక్కడ పడుతుందో కూడా లెక్కలోకి తీసుకునేవారు. అటువంటి బొమ్మను ఫోనులో చూస్తే సగమే చూసినట్లు.

న్యూటన్ తీసిన ఒక ఫొటో 1975 సెప్టెంబరు సంచికలో వచ్చింది. చలికాలపు సంచిక అన్న మాట. పారిస్ మారే పేటలోని ర్యూ ఒబ్రియో అనే ఇరుకు వీధిలో, రాత్రి వీధి దీపాల వెలుతురులో, జుట్టు వెనక్కి దువ్వుకున్న ఒక స్త్రీ సిగరెట్టు పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఆమె ఒంటి మీద ఉన్నది మగవాళ్ళ తరహా సూటు; ఫ్రెంచి డిజైనరు ఈవ్ సెయింట్ లారెంట్ 1966లో మగవాళ్ళ విందు కోటును ఆడవాళ్ళ కోసం మలిచి తయారుచేసిన "స్మోకింగ్" సూటు బాటలో వచ్చింది. ఆ ఆలోచన అప్పటికే తొమ్మిదేళ్ళ పాతది. సీజను సంచికలో కొత్తదనం బట్టలో ఉండాలన్న నియమాన్ని ఆ ఒక్క బొమ్మ పక్కన పెట్టేసింది. 2014లో కటింగ్ నేర్చుకోవడానికి ఏడాదిపాటు పారిస్‌లో ఉన్నప్పుడు ఒక సాయంత్రం ఆ వీధికి వెళ్ళాను. రెండు నిమిషాలలో నడిచిపోగలిగినంత చిన్న వీధి, మన పాత బస్తీ గల్లీల వంటిది. దీపాలు వెలిగే దాకా అక్కడే నిలబడ్డాను. వెలుతురు గోడ మీద పడి ఒక పక్క నుంచి మనిషిని తాకుతుందని, నల్ల బట్ట అంచు కనబడాలంటే అటువంటి పక్క వెలుతురే కావాలని అప్పుడు కళ్ళారా చూశాను. ఆ సంచిక అచ్చయ్యే నాటికి నేను పుట్టనే లేదు. అయినా సీజను సంచిక అంటే నాకు ఇప్పటికీ మొదట గుర్తొచ్చేది అదే.

రోయిట్‌ఫెల్డ్ కాలం గురించి రాయడం నాకు అంత సులువు కాదు. నేను ఈ పనిలోకి వచ్చిందే ఆమె సంచికల వల్ల. బిగుతైన స్కర్టు, ఎత్తు మడమలు, కళ్ళ చుట్టూ నల్లని కాటుక పొగ: ఈ మూడింటితో ఆమె పదేళ్ళపాటు ఒకే స్త్రీని మళ్ళీ మళ్ళీ గీశారు. 2007 నవంబరులో గడ్డం ఉన్న ఆంద్రే జే అనే నల్లజాతి పురుషుణ్ణి పొట్టి దుస్తులలో కవరు మీద నిలబెట్టిన ధైర్యం కూడా ఆమెదే. అదే సంపాదకురాలు 2009 అక్టోబరు సంచికలో లారా స్టోన్ అనే తెల్ల మోడల్ ఒళ్ళంతా నల్ల రంగు పూయించి, స్టీవెన్ క్లైన్ చేత ఫొటోలు తీయించి అచ్చు వేశారు. చామనఛాయ పిల్లనని చుట్టాల నోట మాటలు పడుతూ పెరిగిన నాకు ఆ పేజీలు చూసినప్పుడు కడుపులో దేవినట్లయింది. నలుపు రంగు కావాల్సి వచ్చింది, నల్లని మనిషి అక్కరలేకపోయింది. అడ్డు చెప్పేవారు లేని చూపు ఎంత దూరం వెళ్ళగలదో, ఎవరిని చూడకుండా దాటిపోగలదో రెండూ ఆమె సంచికలలోనే ఉన్నాయి. అనుసరించడం అంటే మెచ్చుకుంటూ ఉండడమే అని మీరు అనుకోకూడదని ఈ మాట చెబుతున్నాను. ఈ పత్రిక కవరు మీదికి మొదటి నల్లజాతి మోడల్‌గా నయోమి క్యాంప్‌బెల్ వచ్చింది 1988 ఆగస్టులో. అది కూడా ఈవ్ సెయింట్ లారెంట్ తన ప్రకటనలు ఆపేస్తానని పట్టుబట్టిన తరవాతే. ఆ నేపథ్యం తెలిస్తే 2009 నాటి పొరపాటు ఒక్క మనిషిది మాత్రమే కాదని అర్థమవుతుంది.

ఆల్ట్ సంచికలను చాలామంది మార్పులేనివని తీసిపారేశారు. నా దృష్టిలో నేర్చుకునేవారికి వాటిని మించిన పాఠం లేదు. 2011 ఏప్రిల్‌లో మోడల్ జీజెల్ బుండ్‌షెన్‌తో వచ్చిన కవరు మొదలుకొని, ఆమె బ్లేజరు, జీన్సు, తెల్ల చొక్కా, తోలు కోటు అనే నాలుగు వస్తువుల చుట్టూ పదేళ్ళు తిరిగారు. ఇరవై దాకా సంచికలు చూసిన తరవాత నాకు పట్టుబడిన సంగతి ఒకటుంది: ఆమె బ్లేజరు చేతులను మడవరు, మోచేతి వైపు పైకి తోసి వదిలేస్తారు. మడిస్తే అంచు తీరుగా వచ్చి ఎవరో ముస్తాబు చేసినట్లు కనిపిస్తుంది. తోస్తే ముడతలు పడి, ఆ మనిషి పని మధ్యలో తానే తోసుకున్నట్లు కనిపిస్తుంది. భుజం కుట్టు గట్టిగా నిలబడిన కోటుకే అలా చేయగలం, మెత్తని భుజమైతే మొత్తం కిందికి జారిపోతుంది. విజయవాడలోని మా దుకాణంలో కోటు కుట్టేటప్పుడు భుజం దగ్గర లోపలి గుడ్డ ఎంత గట్టిది వేయాలో నేను నిర్ణయించేది ఈ చిన్న గమనింపు వల్లనే.

డిసెంబరు, జనవరి కలిపి వచ్చే పండుగ సంచికను కూడా వదలకండి. దాన్ని బయటి వ్యక్తికి అప్పగించే ఆనవాయితీ ఒకటుండేది: 1971లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ, 1974లో సినిమా దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్, కొలంబ్ ప్రింగ్ల్ సంపాదకత్వంలో 1992లో దలైలామా, 1993లో నెల్సన్ మండేలా. ఫ్యాషన్ పత్రిక తన పేజీలను మండేలా చేతికి ఇవ్వడం అనే ఆలోచన ఒక సంపాదకురాలికి రావడమే నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది.

పత్రికకు నూరేళ్ళు నిండినందుకు పారిస్ గలియెరా మ్యూజియంలో 2021 అక్టోబరు నుంచి మరుసటి జనవరి దాకా ప్రదర్శన జరిగింది. నేను వెళ్ళలేకపోయాను, స్నేహితురాలు కేటలాగు పంపింది. అందులో నన్ను కదిలించింది రెండో ప్రపంచ యుద్ధం నాటి సంపాదకుడు మిషెల్ ద బ్రూనాఫ్ కథ. జర్మన్ల ఆక్రమణలో పత్రిక నడపడానికి ఒప్పుకోక 1940లో ఆయన ప్రచురణే ఆపేశారు. పారిస్ విముక్తి తరవాతే మళ్ళీ మొదలుపెట్టారు. 1955లో, చదువుకుంటున్న ఈవ్ సెయింట్ లారెంట్ గీతలు చూసి డిజైనరు క్రిస్టియన్ డియోర్ దగ్గరికి తీసుకెళ్ళిందీ ఆయనే. అచ్చు వేయని సంచికలలో కూడా సంపాదకుడి దృష్టి ఉంటుందని నేను నమ్మేది ఆయన వల్ల.

ఆ ప్రదర్శన జరుగుతున్న రోజులలోనే పత్రిక మారిపోయింది. 2021లో ఆల్ట్ వెళ్ళిపోయారు. నవంబరు సంచిక నుంచి పేరు వోగ్ ఫ్రాన్స్ అయింది. కొత్తగా వచ్చిన యూజెనీ ట్రోషూకు ప్రధాన సంపాదకురాలు అన్న హోదా కాక, కంటెంట్ విభాగాధిపతి అన్న అర్థం వచ్చే హోదా ఇచ్చారు. గాయని అయా నకమురాను ఆ మొదటి కవరు మీదికి తేవడం నాకు సంతోషం కలిగించింది, ఎందుకంటే అది పారిస్ శివార్లలో పెరిగిన అమ్మాయి ముఖం. కానీ యజమాని సంస్థ కోండె నాస్ట్ అనేక దేశాల సంచికలను ఒకే పర్యవేక్షణ కిందికి తెచ్చిన తరవాత, ఈ బొమ్మ ఇక్కడిదే అని గుర్తుపట్టడం నాకు కష్టమవుతున్నది. మీరు కొన్న రెండు సంచికలు ఈ కాలానివైతే దృష్టి కనబడకపోవడంలో మీ తప్పేమీ లేదు.

భాష విషయానికి వస్తే, ఇరవై మాటలతో పని జరుగుతుంది. రోబ్ అంటే గౌను, వెస్త్ అంటే కోటు, లెన్ అంటే ఉన్ని, స్వా అంటే పట్టు, క్విర్ అంటే తోలు. నేను ప్రతి సీజనులో ముందుగా వెతికేది "బ్రొదె" అన్న మాటను, అంటే ఎంబ్రాయిడరీ చేసినది అని. మా దుకాణంలో నలుగురు మగ్గం పనివాళ్ళున్నారు. ఆ ఫొటోలు వాళ్ళ ముందు పెడితే, జర్దోసీ ఏదో, ఆరి సూదితో వేసిన గొలుసు కుట్టు ఏదో భూతద్దం లేకుండా చెప్పేస్తారు. పారిస్ సంస్థల చేతిపనిలో చెప్పుకోదగ్గ భాగం ముంబయి కార్ఖానాలలో జరుగుతుంది. 2023 మార్చిలో డియోర్ తన ప్రదర్శనను గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు పెట్టినప్పుడు చాణక్య కార్ఖానా పేరు నలుగురికీ తెలిసింది. ఫొటో పక్కన వివరాలలో మాత్రం సంస్థ పేరే ఉంటుంది, కుట్టిన చేతుల పేరు ఉండదు. అది నాకు ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

మీరు మొదలుపెట్టాలనుకుంటే 2010 సెప్టెంబరు సంచిక ఒకటి, 2011 సెప్టెంబరు సంచిక ఒకటి సంపాదించండి. మొదటిది రోయిట్‌ఫెల్డ్‌ది, రెండోది ఆల్ట్‌ది. నెల ఒకటే, ప్రకటనలిచ్చే సంస్థలు దాదాపు అవే. కొత్తవి కానక్కరలేదు, పాత పుస్తకాల వాళ్ళ దగ్గర చవకగా దొరుకుతాయి. రెంటినీ పక్కపక్కన తెరిచి, ముఖాలు చూడకుండా మణికట్లూ నడుములూ కాలర్లూ మాత్రమే చూస్తూ చివరిదాకా వెళ్ళండి. తడిసిన సంచిక దొరికితే స్కేలుతో విడదీయకండి. ఆర్ట్ పేపరు ఒకసారి తడిసి ఆరి అట్టకట్టుకుపోతే పేజీలు చిరగకుండా విడదీయడం చాలా కష్టం. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.